రొయ్యల మాత్ర

చెరువుకి వలలేసే పట్టుబడి రోజున పెద్ద రొయ్యలు లారీ ఎక్కేవి, అమ్మకానికి పనికిరాని చిన్నవి బకెట్లతో రామతులసి ముందుకొచ్చేవి. ఒలవాలి, పచ్చడి పెట్టాలి, చుట్టాలందరికీ సీసాలు పంపాలి. భర్త త్రినాథరాజు ఇంటి మర్యాద అది. ఆమెకేమో రొయ్య ముట్టుకుంటే చాలు, చేతుల నిండా దద్దుర్లు. కాపురానికొచ్చిన కొత్తలో ఊళ్ళో ఆర్‌ఎంపీ డాక్టరు సైప్రోహెప్టాడిన్ అనే మాత్ర ఇచ్చాడు. ఆ పేరు నోరు తిరగక ఇంట్లో అందరూ రొయ్యల మాత్ర అన్నారు. దద్దుర్లు తగ్గాయి. ఆమెను ఒలవొద్దనడం మాత్రం ఎవరికీ తట్టలేదు.

ఏదో ఒక చెరువు పట్టుబడికొస్తూనే ఉండేది, పన్నెండేళ్ళు వేసుకుంది. ఆ పన్నెండేళ్ళలో ఆమెకు ఎక్కడలేని నిద్రా, ఆకలీ పట్టుకున్నాయి. “అన్నం తినడం, కునకడం. ఇంకేం పనుంది మహాతల్లికి!” అనేవారు అత్తగారు లక్ష్మీనరసమ్మ. “పెళ్ళిచూపుల్లో చూసిన పిల్లవేనా నువ్వు?” అని రాజు పదిమందిలో నవ్వితే తనూ నవ్వేది. తొంభై ఆరులో టీచరు ఉద్యోగానికి పరీక్ష రాయడానికి ఏలూరు వెళ్ళింది. ముందురోజు దాకా పట్టుబడే, మాత్రే. హాల్లో బెంచీ మీద తల వాల్చేసింది. లేపేసరికి అరగంటే మిగిలింది. “చదువు మీద ధ్యాస ఉన్నవాళ్ళకి నిద్రెలా వస్తుంది?” అన్నాడు రాజు. నిజమే కదా అనుకుని పుస్తకాలు అటకెక్కించింది.

ఈసారి మాత్రలు నిండుకుంటే తనే భీమవరం వెళ్ళింది. మందుల షాపులో బేబి అని కొత్తమ్మాయి, ఫార్మసీ చదివిందట.

“పిల్లలకాండీ? అన్నం తినట్లేదా?”

“నాకేనమ్మా, దద్దుర్లకి.”

“దద్దుర్లకీ పనిచేస్తుందండి. కానీ దీనికి మగతొస్తుంది, ఆకలీ పెరుగుతుందండి. అందుకే బక్కపిల్లలకి ఇస్తారు. మీరెన్నాళ్ళ నుంచి వాడుతున్నారేంటండీ?”

రామతులసి వెనుదిరిగి బస్టాండుకి నడిచింది.

బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఏడ్చింది. వాళ్ళు అన్నారు సరే, తనెందుకు నమ్మింది? బద్ధకస్తురాలినని, తిండిపోతునని ఎన్నిసార్లు తిట్టుకుంది! నాకెందుకిలా అవుతోందని ఒక్కసారి, కనీసం తనైనా, ఎవరినైనా అడిగి ఉంటే! ఆ పరీక్షకి ఇప్పుడు వయసు కూడా దాటిపోయింది.

ఇంటికొచ్చేసరికి వసారాలో మూడు బకెట్లున్నాయి.

“వచ్చావా! మాత్రేసుకుని కూర్చో తల్లీ. ఎండెక్కింది, పాడైపోతాయి,” అన్నారు అత్తగారు.

రామతులసి కాళ్ళు కడుక్కుంది. బకెట్లు దాటి వెళ్ళి కుర్చీలో కూర్చుంది.

“పాడవనివ్వండి, అత్తయ్యగారూ.”