దీవిలో మిగిలిన సోడా

నేను ఒక గోలీసోడా సీసాను. మెడ నొక్కుకుపోయి, పీకలో గోలీ అడ్డంపడి పుట్టినదాన్ని. మనుషుల్లో ఎవరైనా అలా పుడితే డాక్టరు దగ్గరికి పరిగెడతారు, నన్ను చూసి మాత్రం ముచ్చటపడతారు. పీకలో గోలీ ఉంది కాబట్టి నేను ఎక్కువ మాట్లాడను. ఆ లోటు తెలియకుండా మాట్లాడేవాళ్ళు మా వ్యాపారంలో బోలెడంతమంది ఉన్నారు. ఈ కథ వాళ్ళ పుణ్యమే.

ఉత్తరాదిలో ఎక్కడో గాజు బట్టీలో తయారై, గోనెసంచిలో గడ్డి మధ్య పడుకుని రైల్లో వచ్చాను. మొదట సినిమా హాలు పక్కన సోడాలు అమ్మే ఒకాయన దగ్గర పనిచేశాను. జనం విరామంలో సోడా తాగి, రెండో సగంలో త్రేన్చి, సినిమా బాగుందనేవారు. హాలు కాస్తా కల్యాణమండపం అయ్యాక ఆయన మిషన్‌నీ మమ్మల్నీ నూకరత్నానికి అప్పజెప్పి ఊరు మారిపోయాడు. గోదావరి సముద్రంలో కలిసే చోట ఉన్న మా రేవులో సోడా చేసే మనిషి ఇప్పుడు ఆవిడొక్కతే. ముప్పై ఏళ్ళుగా ఆ చక్రం తిప్పుతూనే ఉంది. ఆవిడ కుడి బొటనవేలు కాయకాచి రాయిలా ఉంటుంది. ఆ వేలితో నొక్కితే నా గోలీ కీచుమంటూ లోపలికి జారుతుంది. వట్టి వేలితో ఇంకెవరు నొక్కినా వేలు వాస్తుంది గానీ గోలీ కదలదు. ఇన్నేళ్ళలో ఆవిడ తన సోడా తాను తాగగా నేను చూడలేదు. మనమే తాగేస్తే అమ్మేదేమిటి అనేది.

ఇక మా పెద్దల సంగతి. తీర పానీయ వర్తకుల సంఘానికి పాతికేళ్ళు నిండాయి. అధ్యక్షులు రామభద్రరాజు గారికి ఊళ్ళో పెద్ద బార్ ఉంది, అంతకన్నా పెద్ద గొంతు ఉంది. రజతోత్సవ సంచిక వేయాలన్నారు. అందులో సభ్యులందరికీ ఒకటే ప్రశ్న: మనుషులెవరూ లేని దీవిలో చిక్కుకుపోతే వెంట ఏ ఒక్క పానీయం ఉండాలనుకుంటారు? ఆ క్షణం నుంచి అందరూ కవులైపోయారు. పద్దెనిమిదేళ్ళు పీపాలో నిద్రపోయి లేచిన స్కాచ్ విస్కీ అన్నారు రాజుగారు. కూల్‌డ్రింకుల ఏజెంటు శేషగిరి తన కంపెనీ మామిడిరసం అన్నాడు, అందులో అతనికి బాల్యం కనిపిస్తుందట. అందులో మామిడిపండు కనిపించగా నేనెప్పుడూ చూడలేదు. బీరు డిపో మేనేజరు మంచుపట్టిన బీరు అన్నాడు. దీవిలో ఫ్రిజ్ ఎక్కడిదని అడిగిన మనిషి లేడు.

నూకరత్నం కూడా సంఘం పుట్టినప్పటి నుంచీ సభ్యురాలే. ఆవిడ పేరు మాత్రం ఎక్కడా అచ్చుకాలేదు. ఆ మిషన్ తనతోనే ఆగిపోతుందని ఆవిడకు తెలుసు. ఈ ఊళ్ళో ఫలానా మనిషి సోడాలు చేసేదని ఒక్క కాగితం మీదైనా ఉండాలని ఆశపడింది. జవాబు ఆలోచించుకుని, ఇస్త్రీచీర కట్టుకుని బార్‌కి వెళ్ళింది. ఆ పూట బార్‌కి వేసిన సోడాల పెట్టెలో నేనూ అక్కడే ఉన్నాను. రాజుగారు ఆవిడను నోరు తెరవనిస్తే కదా.

“సోడా పానీయం కాదమ్మా. పానీయంలో కలుపుకునేది,” అన్నారు.

ఆదివారం ఫొటోల కోసం నిజం దీవికే వెళుతున్నామనీ, పన్నెండు సోడాలు పట్టుకుని రమ్మనీ పురమాయించారు. ఆవిడ తలూపింది. నాకు మాత్రం ఒళ్ళు మండింది, ఆ పన్నెండింట్లో నేనూ ఒకదాన్ని.

దీవంటే నది నోట్లో వేసిన ఇసుక మేట, దాని మీద నాలుగు సరుగుడు మొక్కలు. ఉదయమే పడవ దిగారు. ఒక్కొక్కరూ తమ సీసా పట్టుకుని, దిక్కులేని ముఖం పెట్టుకుని, సముద్రం వైపు చూస్తూ ఫొటో దిగారు. రాజుగారు చొక్కా గుండీలు రెండు విప్పి, జుట్టు కూడా చెదరగొట్టుకున్నారు. ఈ తతంగం ముగిసేసరికి నీళ్ళు తీసేశాయి, పడవ బురదలో కూర్చుంది. మళ్ళీ పోటు వచ్చేదాకా కదలదనీ, సాయంత్రం నాలుగవుతుందనీ పడవతను చెప్పాడు.

నీళ్ళక్యాను శేషగిరి తెస్తాడని రాజుగారూ, రాజుగారు తెస్తారని శేషగిరీ అనుకున్నారు. పోనీ చేతుల్లో సీసాలున్నాయిగా అంటారేమో. రాజుగారిది బార్‌లో అద్దాల బీరువాలోది, అందులో ఉన్నది ఏనాటిదో టీ డికాక్షన్. శేషగిరిది కంపెనీ ఇచ్చిన ప్లాస్టిక్ నమూనా, దాని మూత తిరగదు. మేనేజరుది రంగునీళ్ళు. మా వ్యాపారంలో అద్దాల వెనక పెట్టేది తాగడానికి కాదు. ఆ అలవాటు కొద్దీ దీవికి కూడా అవే మోసుకొచ్చారు.

మిట్టమధ్యాహ్నానికి అందరూ మా పెట్టె చుట్టూ చేరారు. గోలీ నొక్కే చెక్కమీట బార్‌లోనే ఉండిపోయింది. రాజుగారు పళ్ళు బిగించి నొక్కారు, శేషగిరి మోకాళ్ళ మధ్య పెట్టుకుని నొక్కాడు. గోలీలు వాళ్ళను లెక్కచేయలేదు. అప్పుడు నూకరత్నం వచ్చి వరసగా నొక్కుతూ పోయింది. తాను తప్ప, పడవతనితో కలిపి పదకొండు మంది, పదకొండు సోడాలు. ఎవరూ దేంట్లోనూ కలుపుకోలేదు.

గొంతు తడిశాక రాజుగారికి మర్యాద గుర్తొచ్చింది. ఇంతకీ నీ జవాబేమిటని అడిగారు.

“నేను సీసా తీసుకెల్లనండి. దాహమేసిన మనిసినొకర్ని తీసుకెల్తానండి,” అంది నూకరత్నం. “తాగేవోళ్ళే లేని సోట సోడా ఎట్టుకుని ఏం సేసుకోనండి?”

రాజుగారు జేబులోంచి కాగితం తీసి ఆ మాట రాసుకున్నారు. ఫొటోతో సహా మొదటి పేజీలో వేయిస్తానన్నారు. ఆవిడ ముఖం అంతలా వెలగడం నేను అంతకుముందు చూడలేదు. ఫొటో కోసం నిండు సీసా కావాలి కదా, మిగిలింది నేనే. నన్ను కొంగుతో తుడిచి, వేడెక్కకుండా సరుగుడు నీడలో మెడదాకా ఇసుకలో పాతింది. ఈలోగా, నిజమైన దాహం ముఖంలో కనిపిస్తోందని, రాజుగారు తనవే ఇంకో ఇరవై ఫొటోలు తీయించుకున్నారు. ఆవిడ వంతు వచ్చేసరికి పోటు వచ్చింది. పడవతను కేకేశాడు, అందరూ పరిగెత్తారు. నాకోసం వెనక్కి తిరిగిన నూకరత్నాన్ని, ఒక్క సీసా కోసం పడవ ఆపుతామా అని తొందరపెట్టి ఎక్కించారు.

అలా ఆ ప్రశ్నకు నిజంగా పరీక్ష రాసింది నేనొక్కదాన్నే. మనుషులు లేని దీవి, నిండు సోడా. పీతలు వచ్చి చూసి వెళ్ళేవి. నిండుగా ఉండి కూడా ఎవరికీ పనికిరాకపోవడం ఎంత దిగులో అక్కడ తెలిసింది. ఏడుద్దామంటే పీకలో గోలీ.

ఇరవై రోజులకు చేపలవేటకు పోయే పడవలో నూకరత్నం ఒక్కతే వచ్చింది. నా పక్కన కూలబడి, కొంగులోంచి సంచిక తీసింది. మొదటి పేజీలో చెదిరిన జుట్టుతో రాజుగారు. కింద పెద్ద అక్షరాల్లో ఆయన జవాబు: ‘నేను ఏ సీసానూ తీసుకెళ్ళను. దాహమేసిన ఒక మనిషిని తీసుకెళతాను.’ చివరి పేజీ కృతజ్ఞతల్లో, పడవకీ షామియానాకీ మధ్య, ‘సోడాలు: స్థానికంగా’ అని ఉంది.

ఆవిడ అక్షరాల కింద వేలుపెట్టి రెండుసార్లు చదివింది. ఎండ మండిపోతోంది, ఆవిడ నోరు పిడచకట్టుకుపోయింది. నన్ను ఇసుకలోంచి లాగి, మూతి తుడిచి, బొటనవేలితో నొక్కింది. ఆ కూతకు ఒడ్డున కొంగలు లేచిపోయాయి. ముప్పై ఏళ్ళ తర్వాత తన సోడా తాను తాగింది, చివరి చుక్కదాకా.

“ఇరవై రోజులైనా గేసు దిగలేదు సూడు,” అంది. చుట్టుపక్కల ఎవరూ లేరు, నాతోనే అంది.

పడవలో పగలకుండా మొదటి పేజీ చింపి నాకు చుట్టింది. రాజుగారు అలా ఊరిదాకా నాకు కాపలా వచ్చారు. మర్నాడు బార్ నుంచి సోడాల కోసం మనిషి వచ్చాడు.

“సోడా పానీయం కాదు కదండి. లేకపోయినా పరవాలేదని సెప్పండి,” అని పంపేసింది.

ఇప్పుడు నేను బార్‌లకు వెళ్ళడం లేదు. రేవులో ఆవిడ బల్ల మీదే ఉంటున్నాను. పడవలు దిగినవాళ్ళు దాహమేసి వస్తారు. తాగి, కళ్ళనీళ్ళు తుడుచుకుని, ఇంత ఘాటు సోడా ఎవరు చేశారని కొందరు అడుగుతారు.

“ఓలేటి నూకరత్నమండి,” అని ఇంటిపేరుతో సహా చెబుతుంది ఆవిడ.