గెలిచినవాళ్ళు పోయించిన గ్లాసు

జడ్జి ఆరేళ్ళ జైలన్నాడు. ఆరేళ్ళంటే ఆరేళ్ళే అనుకున్నాను, నా పిచ్చిగానీ! రెండేళ్ళు తిరిగేసరికి ఫోనొచ్చింది: "నదియా గారూ, కర్ట్ పెరోల్ విచారణకి వస్తారా?" శిక్షలో మూడో వంతు గడిస్తే, ముందే వదిలెయ్యమని అడుక్కోవచ్చట. ఇవ్వకపోయినా నాలుగేళ్ళకి ఎలాగూ వదిలేస్తారట. మరి నా కూతురు లారిసాకి ఎన్నేళ్ళకి విడుదల? తాగి ట్రక్కు నడిపి దాన్ని గుద్దేశాడు ఆ కర్ట్ వెధవ. మంచు రోడ్డు మీదే ప్రాణం పోయింది నా తల్లికి.

"నేను రాను," అన్నాడు మా ఆయన మెట్రో.

"రాక చస్తావా? కన్నతండ్రివి! వాడు బయటికి రాకూడదు, అంతే."

జైల్లో మమ్మల్ని కర్ట్ వెనక కూర్చోబెట్టారు. వాడితో మాట్లాడకూడదు. మా బాధ రాసి ముందుగా పంపిన కాయితమే చదవాలి, ఒక్క ముక్క ఎక్కువ అనకూడదు. చదివాను. వాడి మెడ ఎర్రబడింది. బాగా అయ్యిందిలే అనుకున్నాను.

పెరోల్ బోర్డు ఆవిడ వాణ్ణి అడిగింది: "ప్రమాదానికి ముందు ఏడాది పాటు మందు మానేశావు. ఆ రోజు కర్లింగ్ ఆట అయ్యాక మొదటి గ్లాసు ఎవరిచ్చారు?"

"నేనే కొనుక్కున్నాను."

"నువ్వు డబ్బులు తియ్యలేదని బార్‌లో ఆవిడ చెప్పింది. అబద్ధాలాడితే పెరోల్ ఎలా ఇస్తాం?"

"నేనే కొన్నాను మేడమ్."

కర్లింగంటే మంచు మీద రాళ్ళు జార్చే ఆట. మా ఊళ్ళో అందులో గెలిచినవాళ్ళే ఓడినవాళ్ళకి మొదటి గ్లాసు పోయించాలి. వద్దంటే అవమానం. ఆ రోజు ఓడింది కర్ట్ జట్టు. గెలిచింది ఎవరు? ఆ రోజు మెట్రో గెలిచి తెచ్చిన కప్పు మా ఫ్రిజ్ మీదే ఉంది కదా! మెట్రో వంక చూశాను. కర్ట్ మందు మానేశాడని ఊరంతటికీ తెలుసు, ఈయనకీ తెలుసు.

మెట్రో లేవబోయాడు. "మేడమ్, ఆ గ్లాసు..." అని గొణిగాడు.

చొక్కా పట్టుకుని కిందికి లాగాను. "కూర్చో!"

నిజం దాస్తున్నాడని పెరోల్ ఇవ్వలేదు. నేను కోరుకున్నదే దక్కింది.

మా ట్రక్కెక్కాక మెట్రో తాళంచెవి తిప్పలేదు. "వాడు నా పేరు చెప్పలేదే," అన్నాడు.

"చెప్పకపోతే మంచిదేగా. నోర్మూసుకుని పోనియ్యి."

"నేనిచ్చిన గ్లాసుకి వాడింకో రెండేళ్ళు లోపలుండాలి, నదియా."

ఇంటికి రాగానే ఫ్రిజ్ మీది కప్పు తీసి చెత్తలో పడేశాను. అప్పుడొచ్చింది ఏడుపు. లారిసా కోసమే అనుకున్నాను. కళ్ళు మూసుకుంటే ఎర్రబడ్డ ఆ మెడే కనిపించింది.