లేవలేనని చెప్పిన రోజు

సినిమా హాల్లో కథానాయకుడు మేడ మీంచి దూకితే మనం ఈలలు వేస్తాం. దూకినవాడు వేరే ఉంటాడని, వాడికీ ఒక నడుము ఉంటుందని మనకెందుకు పడుతుంది చెప్పండి!

షేక్‌పేటలో ఒంటిగది కిరాయికుండే వెంకటనర్సయ్య అలా దూకే ఫైటరే. ఆ పనిలో ఒక అలవాటుంది. కింద పడ్డవాడు వెంటనే చెయ్యి పైకెత్తాలి. నాకేమీ కాలేదు, షాట్ ఓకే అని దానర్థం. 1989లో దెబ్బ తగలకుండా కింద వేసే అట్టపెట్టెలు సరిగా పేర్చక నడుము విరిగిన రోజు కూడా అతను చెయ్యెత్తాడు. ఆ తర్వాతే స్పృహ తప్పింది.

మొదట్లో తోటి ఫైటర్లు వచ్చిపోయేవారు. రెండేళ్లు గడిచేసరికి గుమ్మం తొక్కినవాడు లేడు. భార్య భూలక్ష్మి అంతకు ముందే చనిపోయింది. పొద్దున్నే తలుపు బార్లా తీసి, ఫిల్మ్‌నగర్ వైపు పోయే షూటింగు వ్యాన్ల చప్పుడు వింటూ పడుకునేవాడు. ఒక్కటైనా తన వాకిట్లో ఆగుతుందని ఆశ. పాపం, ఏదీ ఆగేది కాదు.

నష్టపరిహారం కోసం పెట్టుకున్న అర్జీని కార్మిక శాఖ అధికారి కొట్టేశాడు. ఇతను పని చేయగలడని రాశాడు. అందుకు కారణం వెంకటనర్సయ్యే. నడవగలవా అని పరీక్ష చేసిన ప్రభుత్వ డాక్టరు అడిగితే, కర్ర గోడకు ఆనించి, పళ్లు బిగబట్టి పదడుగులు నడిచి చూపించాడు మహానుభావుడు.

హైకోర్టులో అప్పీలు వేసిన వకీలు లీలాకుమారి ఆ కాగితం చదివి తల పట్టుకుంది.

"అసలెందుకు నడిచారండీ?"

"చేతకాదంటే మల్ల పనికి పిలువరు గద మేడమ్."

"ఇప్పుడు మాత్రం ఎవరు పిలుస్తున్నారు?"

పరిహారం కావాలంటే ఆ వ్యాను ఆశ వదులుకోవాలని అతనికప్పుడే తెలిసింది.

వాయిదా రోజున జడ్జిగారు అతని వైపు చూశారు.

"డాక్టరు ముందు నడిచారని ఉంది. ఇప్పుడు లేచి నడవగలరా?"

బెంచీ మీదున్న వెంకటనర్సయ్య చెయ్యి అలవాటుగా సగం లేచింది. హాలంతా కలియజూశాడు. ఆ చెయ్యి చూడాల్సిన సినిమావాళ్లు ఒక్కరూ లేరు. చెయ్యి మెల్లగా దించేశాడు.

"నాతోని కాదు సార్. గా దినం నడిచి ఇంటికొచ్చినంక మూడు దినాలు మంచం దిగలే. పని పోతదని భయపడి దాచిన."

ఆ మాట అన్నాక ఏడ్చాడు. జడ్జిగారు పాత ఉత్తర్వు రద్దు చేసి, మళ్లీ పరీక్ష చేయించి పరిహారం తేల్చమన్నారు.

బయట మెట్ల దగ్గర అతను ఆగిపోయాడు.

"జర చెయ్యందియ్యుండ్రి మేడమ్, దిగలేను."

పన్నెండేళ్లు ఫైటరుగా బతికిన అతను సాయం అడగడం అదే మొదలు. అయ్యలారా, నొప్పి ఉన్నవాడు నొప్పి అని చెప్పుకోలేని చోట ఏ చట్టమూ వాణ్ణి కాపాడలేదు.