వేలికీ చెవికీ మధ్య

నేను ఒక హెడ్‌ఫోన్‌ని. కుర్రకారు చెవుల్లో శనగగింజల్లా దాక్కునే రకాన్ని కాను. రెండు చెవులనీ నిండుగా కప్పే పాతకాలపు భారీ శాల్తీని. మెలికలు తిరిగిన నల్లటి వైరు, దాని చివర చిటికెన వేలంత పిన్ను. గుంటూరు బ్రాడీపేటలో హిదయతుల్లా గారి వాయిద్యాల కొట్లో, గోడవార పెట్టిన డిజిటల్ పియానో పక్కన మేకుకి వేలాడుతుంటాను. నన్ను అమ్మరు. పియానో కొనడానికి వచ్చినవాళ్ళు వాయించి చూసుకోవడానికి ఉంచారు.

నేను పుట్టింది ఎక్కడో సముద్రాల అవతల. ఒకావిడ వెంట్రుకలాంటి రాగితీగని చుట్టి, ఉల్లిపొరలాంటి పలచని పొరకి అతికించి, అయస్కాంతం ముందు కూర్చోబెట్టింది. ఇంకొకావిడ నన్ను తలకి తగిలించుకుని, ఏదో విని, తల ఊపి పక్కకి తోసింది. నా చదువు అంతటితో పూర్తయింది. పియానోలోంచి కరెంటు వస్తే నాలో పొర వణుకుతుంది, ఆ వణుకే పాటవుతుంది. ఇందులో గొప్పేముందో నాకు చాలాకాలం తెలియలేదు.

ఈ కొట్లో నేను ఎక్కని తల లేదు. కొబ్బరినూనె తలలు, హెల్మెట్‌లో ఉడికిన తలలు, మల్లెపూల తలలు. హెడ్‌ఫోన్ ఎంచుకునే మనుషుల్ని చూస్తే నాకు ఇప్పటికీ నవ్వొస్తుంది. ముందు అద్దంలో చూసుకుంటారు. తర్వాత ఎరుపు రంగులో ఉందా అని అడుగుతారు. ఆ తర్వాత జేబులోంచి ఫోను తీసి, వాళ్ళకి ఇష్టమైన పాట పెట్టుకుని, కళ్ళు మూసుకుని తలాడిస్తారు. కొనేది పియానో కోసం, ఆ పియానో పక్కనే ఉంటుంది. దాని మీద మాత్రం వేలు పెట్టరు. పెళ్ళిచూపులకి వెళ్ళి అమ్మాయిని పలకరించకుండా వాళ్ళింటి సోఫా మెచ్చుకుని వచ్చినట్టుంటుంది వ్యవహారం.

సుగుణమణి గారి విషయంలోనూ అదే జరిగింది.

ఆవిడ చిన్నతనం నుంచీ చర్చిలో పియానో వాయించిన మనిషి. పోయిన వానాకాలం పక్షవాతం వచ్చి కుడివైపు పడిపోయింది. దేవుడి దయవల్ల మాట వచ్చింది, నడక వచ్చింది, వేళ్ళు కూడా కదిలాయి. ఎంత వాయిస్తే అంత మంచిదని డాక్టరు చెప్పాడట. కానీ ఆవిడది ఒకటే పట్టు. చెయ్యి పూర్తిగా స్వాధీనమయ్యేదాకా తన వాయింపు ఎవరి చెవినా పడకూడదు, కట్టుకున్న మొగుడి చెవిన అసలే పడకూడదు. అందుకే ఇంట్లో పెట్టుకోవడానికి డిజిటల్ పియానో, దానికో హెడ్‌ఫోను. ఆవిడ భర్త జయశీలరావు గారు, రైల్వేలో గార్డుగా చేసి రిటైరయ్యారు. నన్ను మేకు మీంచి తీసి అరచేతిలో తూచి చూశారు. ఇంత బరువు ఆవిడ మొయ్యలేదన్నారు, ఈ వైరు పట్టులేని చేతికి చుట్టుకుంటుందన్నారు. ఇప్పుడందరూ వైరు లేనివే తీసుకుంటున్నారని హిదయతుల్లా గారు వంత పాడి, కొట్లోకెల్లా ఖరీదైనది తీసుకొచ్చారు. పియానోకి ఒక చిన్న బిళ్ళ గుచ్చితే చాలు, పాట గాల్లోంచి వచ్చేస్తుందని మురిసిపోతూ చెప్పారు. జయశీలరావు గారు తన ఫోన్లో ఒక క్రిస్మస్ పాట పెట్టి, దాన్ని భార్య తలకి మెల్లగా తొడిగారు. ఆవిడ నవ్వింది. పెదవి ఇంకా ఒక పక్కకే తిరుగుతోంది. బావుందండీ అంది.

పియానో మీద ఒక్క మెట్టు నొక్కి చూడమని చెప్పాలని ఎవరికీ తోచలేదు. కొట్లో నలుగురూ ఉన్నారని ఆవిడా చెయ్యి చాపలేదు. నన్ను మళ్ళీ మేకుకి తగిలించారు. నాకు కాస్త చిన్నతనంగా అనిపించింది, అబద్ధమెందుకు.

ఎండాకాలం మొదట్లో కొట్టు ముందు ఒక ట్రాలీ ఆటో ఆగింది. అందులో వాళ్ళు అప్పుడు కొనుక్కెళ్ళిన పియానోయే, దుప్పటి చుట్టి తాళ్ళతో కట్టి ఉంది. జయశీలరావు గారు దానికి కాపలాగా బయటే నిలబడితే, సుగుణమణి గారు చేతిసంచీ పట్టుకుని మెల్లగా లోపలికి వచ్చింది. ఎంతో కొంతకి దాన్ని వెనక్కి తీసుకోమని అడిగింది. ఏం లోపం ఉందని హిదయతుల్లా గారు కంగారుపడితే, లోపం పియానోలో లేదని గొంతు తగ్గించి చెప్పుకొచ్చింది. వేళ్ళు చెప్పినట్టే వింటున్నాయట. కానీ మెట్టు నొక్కాక ఒక లిప్త ఖాళీ, ఆ తర్వాతే శబ్దం. దాని కోసం ఆగితే తర్వాతిది ఇంకా వెనకబడుతుంది. కుడిచెయ్యి ఒక్కటే అయితే సరిపెట్టుకునేదే. జబ్బు ముట్టుకోని ఎడమచెయ్యీ అలాగే వెనకబడుతోంది. అంటే చెయ్యి కాదు, తలే మందగించింది. చర్చికి వేరే మనిషిని చూసుకోమని పాస్టరు గారికి చెప్పేసిందట. భర్తకి మాత్రం భుజం నొప్పని చెప్పిందట.

“నలభై ఏళ్ళు వాయించానండీ. ఇప్పుడు నేనొక చోట, పాటొక చోట,” అంది.

మేకు మీద వేలాడుతున్న నాకు సంగతంతా అప్పుడు అర్థమైంది. వైరు లేనివాడు పాటని మూట కట్టాలి, గాల్లోకి విసరాలి, అవతల అందుకుని విప్పాలి. దానికి రెప్పపాటు పడుతుంది. ఫోన్లో పాట వింటే ఆ రెప్పపాటు ఎవడికీ తెలియదు. తన వేలితో తానే పాట పుట్టించే మనిషికి తెలుస్తుంది. ఆ రెప్పపాటుని ఈవిడ తన జబ్బు అనుకుంది. ఎవరికీ వినపడకూడదని ఆ చెవికప్పులు ఒక్క పూట కూడా తియ్యలేదు, అందుకే నిజం బయటపడలేదు. నాకు నోరు లేదని నేనెప్పుడూ బాధపడలేదు. ఆవేళ పడ్డాను. ఊరందరి పాటలూ పలికినదాన్ని, నా తరఫున ఒక్క ముక్క చెప్పలేకపోయాను.

ఆవిణ్ణి కూర్చోమని, పియానో దింపే మనుషుల కోసం హిదయతుల్లా గారు లోపలికి వెళ్ళారు. కొట్లో కూర్చోవడానికి ఉన్నది ఈ పియానో స్టూలే. ఆవిడ కూర్చుంది. మెట్ల వంక చాలాసేపు చూసింది. గిటార్లు తిరగేస్తున్న ఇద్దరు పిల్లల్ని ఓరగా చూసి, ఎడమచేత్తో నన్ను తీసి తలకి పెట్టుకుంది. బరువుకి ఒక పక్కకి జారాను, సర్దుకుంది. కుడిచేతి చూపుడువేలితో ఒక్క మెట్టు నొక్కింది.

నేను వణికాను. అంతే, నేను చేసింది అంతకంటే ఏమీ లేదు.

పొయ్యి తగిలినట్టు చెయ్యి వెనక్కి లాక్కుంది. మళ్ళీ నొక్కింది. వేలు ఆనిన క్షణాన్నే శబ్దం. ఎడమచెయ్యి పెట్టింది. అప్పుడూ అంతే. ఆవిడ చెవి వెనక నరం దడదడలాడడం నాకు తెలుస్తూనే ఉంది. తర్వాత రెండు చేతులూ కలిపి ఒక నెమ్మదైన కీర్తన ఎత్తుకుంది. ఉంగరంవేలు రెండుసార్లు తడబడి పక్క మెట్టు మీద పడింది. పడిన చోటే, పడినప్పుడే పలికింది. ఆ తప్పుని కూడా ఆవిడ బిడ్డని చూసుకున్నట్టు చూసుకుంది. ఎంతమంది తలలెక్కినా, వేలు ఆనగానే పలకడం ఇంత పెద్ద విషయమని నాకు ఎవరూ చెప్పలేదు. ఒక మనిషి కదలికకీ దాని ఫలానికీ మధ్య ఎడం లేకపోతే ఆ మనిషి తనని తాను నమ్ముకోగలదని, ఆ నమ్మకానికి నా వైరు ముక్క చాలునని ఆవేళ చూశాను. చూసి బిత్తరపోయాను.

హిదయతుల్లా గారు తిరిగొచ్చేసరికి ఆవిడ సంచీలోంచి ఆ వైరు లేనివాణ్ణి తీసి, బిళ్ళతో సహా ఆయనకి ఇచ్చింది. నా పిన్ను తీసి ఆ బిళ్ళ గుచ్చమంది. తలకి పెట్టుకుని ఒక్క మెట్టు నొక్కింది, ఆగింది, తీసి ఆయన తలకి పెట్టి మళ్ళీ నొక్కింది. ఆయన మొహం పాలిపోయింది.

“నేను కాదండీ,” అంది సుగుణమణి గారు. “ఆలస్యం నాది కాదు.”

తప్పయిపోయిందంటూ ఆయన చెవులు పట్టుకున్నంత పని చేశారు. డెమో వస్తువైనా సరే తీసుకుపొమ్మని నన్ను పియానో మీద పెట్టారు. ఆవిడ ఆ మాట విన్నట్టు లేదు. బిళ్ళ పీకి పక్కన పెట్టింది. పియానోకి ఏమీ గుచ్చి లేదిప్పుడు. చేతులు రెండూ మెట్ల మీద పెట్టింది. పాట కొట్టంతా నిండింది.

ఇంతకాలం పాట నాలోంచి పోవడమే తప్ప, బయట నిలబడి వినడం నాకు తెలియదు. అదే మొదటిసారి. గిటారు పిల్లలు చేతిలోవి కింద పెట్టేశారు. వాయించేది ఎవరా అని జయశీలరావు గారు గుమ్మం ఎక్కి వచ్చి, స్టూలు మీద భార్య వీపు చూసి, అక్కడే నిలబడిపోయారు. కాసేపటికి వెనకనుంచి ఆటో అబ్బాయి దించమంటారా అని అడిగాడు.

“దించబాక నాయనా,” అన్నారాయన, కళ్ళు తుడుచుకుంటూ. “ఇంటికే తీసకపోదాం.”

వెళ్ళేటప్పుడు హిదయతుల్లా గారు నా వైరు చుట్టి మళ్ళీ ఆవిడ చేతికి ఇవ్వబోయారు. ఆవిడ నన్ను ఒకసారి నిమిరి, ఆయన చేతిలోనే పెట్టేసింది.

“వద్దండీ. ఇంక చాటుగా వాయించను. తప్పులు పడితే పడ్డాయి, ఆయన్ని విననివ్వండి.”