కుడితి లేని నీళ్ళు

ఓబులప్ప గుప్పెడు గ్రీజు తీసుకుని వాల్వు చక్రం ఇరుసుకు పూస్తున్నాడు. ప్రతి పొద్దునా చేసే పనే. ఆ ఇనుప చక్రానికి వేసిన ఆకుపచ్చ రంగు ఎప్పుడో పోయింది. అతని చేతులు పడే రెండు చోట్లా నున్నగా మెరుస్తుంది. మనిషి పొట్టి, చెవుల మీద తెల్ల వెంట్రుకలు, ఎడమ భుజం కుడిదానికన్నా కాస్త కిందికి ఉంటుంది. చక్రం తిప్పీ తిప్పీ అలా దిగిపోయింది.

పుంగనూరు నుంచి మదనపల్లెకు పోయే దారిలో ఉన్న మామిడి గుజ్జు ఫ్యాక్టరీ అది. అక్కడ కడిగిన నీళ్ళన్నీ గుంటలోకి చేరతాయి. గుంట అడుగున గొట్టం, గొట్టానికి ఈ వాల్వు. తిప్పితే నీళ్ళు వంకలో పడతాయి, వంక ఓబులప్ప సొంత ఊరు గొల్లవంకపల్లె పక్కగా పారుతుంది. తిప్పమంటే తిప్పడం, మూయమంటే మూయడం అతని ఉద్యోగం. ఈ సాయంత్రంతో అది కూడా అయిపోతుంది, రిటైరవుతున్నాడు.

ఫ్యాక్టరీ పెట్టిన కొత్తలో ఆ నీళ్ళు నల్లగా నురగ కట్టి పోయేవి. ఓబులప్ప వదిన బయ్యమ్మ, అన్న పోయాక పక్కింట్లో ఒంటరిగా ఉండేది. ఆమె పెయ్యదూడ ఆ నీళ్ళు తాగి కాళ్ళు తన్నుకుని చచ్చింది. తప్పు కంపెనీదని అందరికీ తెలుసు. కానీ కంపెనీకి ముఖం లేదు, ఓబులప్పకు ఉంది. తిలాపాపం తలా పిడికెడు అంటారు గానీ, ఊరు మాత్రం పిడికెళ్ళన్నీ తెచ్చి ఇతని గుమ్మంలోనే పోసింది.

ఆ మర్నాడు అతని భార్య మునియమ్మ ఎప్పటిలాగే పెరుగు తోడుకోసం కంచుగిన్నె పట్టుకుని పక్కింటికి పోయింది. బయ్యమ్మ గిన్నె అందుకుని లోపలికి పోయి తలుపేసుకుంది. తోడూ రాలేదు, గిన్నే తిరిగి రాలేదు. పశువులున్న పల్లెలో తోడు అడిగితే పగవాళ్ళకైనా లేదనరు. మిగతా ఇళ్ళు కూడా బయ్యమ్మ దారే పట్టాయి. మునియమ్మ మిరపకాయ తొడిమలు వేసి పాలు తోడు పెట్టుకుంది. జిగురు జిగురుగా వచ్చిన ఆ పెరుగును ఓబులప్ప మాట్లాడకుండా తిన్నాడు. నోట్లో నాలుక లేనివాడని అతనికి పేరు. ఆ పేరు చాటున చాలా ఏళ్ళు సుఖంగానే బతికాడు, ఆ మాట కూడా చెప్పుకోవాలి.

ఊరు గోలపెడితే కంపెనీ వినలేదు. తర్వాత పాలకేంద్రం వాళ్ళు ఈ ఊరి పాలు వాసనొస్తున్నాయని క్యాన్లు తిప్పి పంపారు. పాలు పోసేవాళ్ళూ మామిడికాయ తోలేవాళ్ళూ చాలా ఇళ్ళలో ఒక్కరే, దాంతో ఫ్యాక్టరీకి కాయ తోలడం ఆపేశారు. ఆ సంగతి గుజ్జు కొనే హాలండు కంపెనీ చెవిన పడింది. ఎవరి నీళ్ళు పాడు చేసి తెచ్చిన గుజ్జు ఇది అని అక్కడ దుకాణాల్లో జనం అడుగుతున్నారట. ఇన్ని వైపుల నుంచి నొక్కితే గానీ కంపెనీ కదల్లేదు. కొత్త గుంటలు తవ్వారు, గాలి కొట్టే మోటార్లు పెట్టారు, ఉష అనే కెమిస్టును తెచ్చారు. రెండు సీజన్లుగా నీళ్ళు తేటగా పోతున్నాయి.

అయినా ఊరు పశువుల్ని వంకలోకి దించలేదు. ఊరు ఒప్పుకుంటేనే గుజ్జు కొనే కాయితం మీద సంతకం పెడతానని హాలండు కంపెనీ దొర పట్టుబట్టాడు. ఊరివాళ్ళు ఒకటే అన్నారు, బయ్యమ్మ బుడ్డావు తాగాలి. అది పుంగనూరు పొట్టి జాతి, మందలో పెద్దది. అది మూతి పెట్టని నీళ్ళను వెనక ఏ పశువూ ముట్టదు. ఆ ఊళ్ళో కొత్త బావి తవ్వినా మొదటి బొక్కెన పెద్దావుకే చూపిస్తారు.

ఆ పరీక్ష ఈ రోజే. బుడ్డావు తాగకపోతే బేరం పోతుంది, ఫ్యాక్టరీ మూతపడుతుంది. ఓబులప్ప భయం అది కాదు. అది తాగకపోతే తన చేతుల మీదున్న మచ్చ తనతోపాటే కాటికి వస్తుంది.

ఎండెక్కేసరికి గొట్టం దగ్గర సిమెంటు తొట్టి చుట్టూ ఊరి జనం, హాలండు దొర, ఉష చేరారు. తొట్టి నింపడానికి పోయిన ఓబులప్పకు అది అప్పటికే నిండి కనిపించింది. పైన గోనెపట్టా కప్పి ఉంది. పట్టా ఎత్తితే తవుడు, బెల్లం వాసన గుప్పున కొట్టింది.

మేనేజరు శివకుమార్ పక్కకు వచ్చాడు. కుప్పం మనిషి, చెడ్డవాడు కాదు, పిరికివాడు. "నేనే కలిపించినా ఓబులప్పా. ఆవు వాసన సూసి ఎనక్కి తిరిగితే ఇంతమంది కూలీ పోతాది. ఈ ఒక్క పొద్దు గమ్మునుండు" అన్నాడు మెల్లగా.

గమ్మునుండడం ఓబులప్పకు కొత్త కాదు. తొట్టిలోకి చూస్తూ నిలబడ్డాడు. బెల్లం తీపి ముక్కుకు తగులుతుంటే దూడ గుర్తొచ్చింది. ఆ రోజు అది నల్లనీళ్ళలోకి దిగింది కూడా మామిడి తీపి కోసమే. వంగి, తొట్టి అడుగున బొక్కలో కుక్కిన గుడ్డ లాగేశాడు.

కుడితి బుడబుడమని కారి జనం కాళ్ళ కిందికి పారింది. దొరగారి బూట్లు తడిశాయి. తవుడు చూసి ఊరివాళ్ళు గుసగుసలాడారు.

"ఏంది ఓబులప్పా అది" అంది బయ్యమ్మ, ఆవు పలుపు పట్టుకుని. ఇన్నేళ్ళలో అతనితో ఆమె మాట్లాడిన మొదటి మాట.

"కుడితి వదినా. కుడితి పోస్తే ఏ ఆవైనా తాగతాది, దానికి పరీచ్చ యాల? నీ దూడ గూడా తీపికే తాగి సచ్చిపాయ. ఆ నీళ్ళు ఇడిసింది నేనే. ఇప్పుడు వట్టి నీళ్ళు ఇడస్తాండా. తాగితే తాగతాది, లేకుంటే లేదు."

బతుకులో అతను అంత పొడుగు మాట ఎప్పుడూ మాట్లాడలేదు. శివకుమార్ తల వంచుకున్నాడు. ఉష చున్నీ నడుముకు చుట్టి, బకెట్టు తెచ్చి, తొట్టిని గరగరా తోమి కడిగింది. ఓబులప్ప గుడ్డ మళ్ళీ కుక్కి, పోయి చక్రం తిప్పాడు.

నీళ్ళు నిండాయి. బుడ్డావు ముందుకొచ్చి వాసన చూసింది, ముక్కుతో బుస్సుమని ఊది ఒక అడుగు వెనక్కి వేసింది. ఓబులప్ప చక్రాన్ని రెండు చేతులా పట్టుకుని నిలబడ్డాడు. ఆవు తలెత్తి బయ్యమ్మను చూసింది. ఆమె పలుపు వదిలేసింది.

అప్పుడు ఆవు మూతి ముంచింది. ముంచి ఇక ఎత్తలేదు, డొక్కలు నిండి పక్కలు ఉబ్బేదాకా తాగింది. వెనక మందంతా ఒకదాన్నొకటి తోసుకుంటూ తొట్టి మీద పడింది, తొట్టి చాలక వంకలోకే దిగింది.

"తాగతాండాదప్పా" అంది బయ్యమ్మ. ఆ మాట వెంటనే ఊరంతా ఈలలు, కేకలు. పలకలు వాయించేవాళ్ళు కూడా ఎక్కణ్ణుంచో ఊడిపడ్డారు. దొర తడిసిన బూట్లతోనే సంతకం పెట్టాడు. ఓబులప్ప చక్రం మీద నుదురు ఆనించి ఏడ్చాడు, నవ్వాడు. ఎవరు చూసినా అతనికి సిగ్గనిపించలేదు.

సాయంత్రం శాలువా కప్పారు, మిక్చరు, టీ ఇచ్చారు. శివకుమార్ అతని చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు. గ్రీజు డబ్బా ఉష చేతికిచ్చి, ఓబులప్ప వెనక్కి చూడకుండా గేటు దాటి వంక వెంబడే ఇంటికి నడిచాడు. ఒడ్డంతా పశువుల గిట్టల గుర్తులే.

ఇంటి ముందు మునియమ్మ నిలబడి ఉంది. బయ్యమ్మ ఇంటికీ తమ ఇంటికీ మధ్య పిట్టగోడ మీదికి చూస్తోంది, దగ్గరకు మాత్రం పోలేదు.

"ఎవురు పెట్టినారు?" అన్నాడు.

"పెట్టేసి పాయ. పిలవను గూడా లేదు."

గోడ మీద వాళ్ళ కంచుగిన్నె ఉంది. చింతపండుతో తోమి ఉంది, పిల్లి ముట్టకుండా పైన మోదుగాకు, ఆకు మీద చిన్న రాయి. తోడుకు కావలసింది ఒక్క చుక్కే అయినా, గిన్నె అంచుదాకా పెరుగు.