ఎవరి పేరున శోకం

నేను ఒక రికార్డరుని. రికార్డరంటే చేతిలో పట్టుకునే పెట్టె అనుకునేరు, నాకసలు ఒళ్ళే లేదు. లినక్స్ కంప్యూటర్ తెర మీద ఓ మూల అరచేయంత జాగాలో కనబడే యాప్‌ని. రికార్డు, ఆపు, వినిపించు, మూడే మీటలు. కత్తిరించడాలూ అతికించడాలూ నాకు రావు. పట్టింది పట్టినట్టు మొదటినుంచీ చివరిదాకా వినిపిస్తాను. పెన్‌డ్రైవులో వేసుకుని అలాంటి ఏ మిషన్‌కి గుచ్చినా లేచి కూర్చుంటాను, ఇంకో ఏర్పాటు అక్కర్లేదు.

నన్ను రాసింది హనుమకొండలో శశిరేఖ అనే ఆవిడ. "నాలుగు మాటలు పట్టడానికి ఇంత రామాయణమా!" అని పెద్ద పెద్ద యాప్‌లను తిట్టుకుంటూ రాసి, ఎవరైనా వాడుకోండని నెట్‌లో ఊరికే పెట్టేసింది. ఊరికే వచ్చినదానికి మనుషులిచ్చే మర్యాద మీకు తెలియంది కాదు. ఒకాయన భార్య గురక పట్టి రుజువు చూపిద్దామనుకున్నాడు. తీరా వింటే ఉన్నది ఆయన గురకే. కోపమంతా నా మీద చూపించి నన్ను తుడిచేశాడు. ఇలా నలుగురి చేతులూ మారి ఓదేలు పెన్‌డ్రైవులోకి చేరాను.

ఓదేలు యూనివర్సిటీలో పరిశోధన చేస్తున్నాడు. చావింట్లో ఆడవాళ్ళు పోయినవాళ్ళ పేరు పెట్టి పాడుతూ ఏడ్చే శోకాల మీద. జనగామ దాటాక ఒక ఊళ్ళో కొంరవ్వ అనే ముసలమ్మ ఉందనీ, ఆమె శోకం తీస్తే రాళ్ళు కూడా ఏడుస్తాయనీ ఎవరో చెప్పారు. మండుటెండలో పాత ల్యాప్‌టాప్ మోసుకుని వాళ్ళింటికి వెళ్ళాం.

కొంరవ్వ అంబలి పోసింది, కడుపునిండా మాట్లాడింది. శోకం పాడమనేసరికి మొహం మాడ్చుకుంది.

"పీనుగ లేని శోకం తియ్యద్దు బిడ్డా. తీస్తే అది పీనుగను ఎతుక్కుంటది."

"ఉట్టిగ పాడవ్వా. పేరు లేకుండ పాడు."

"పేరు లేకుంటే శోకమెట్లయితది? ఎవ్వల పేరు పెట్టాలె, చెప్పు."

పట్నంలో నాలుగు పుస్తకాలు చదివినవాడు కదా, ఓదేలు నవ్వాడు. "నా పేరే పెట్టు. నాకు గసొంటి నమ్మకాల్లేవు."

కొంరవ్వ అతని మొహంలోకి చాలాసేపు చూసింది. "పేరు పెట్టినోళ్ళు ఇనద్దు. బోరింగు కాడికి పోయి కూసో. అయినంక నేనే పిలుస్త" అంది. రికార్డు మీట నొక్కి అతను వెళ్ళిపోయాడు. గదిలో ఆమె, నేను. ఆమె తలుపు దగ్గరికేసి వచ్చి, నన్ను చూస్తూ గొంతెత్తింది. చెవుల్లేని నాకే వణుకు పుట్టింది. ఏ పేరు పెట్టిందో నేను విన్నాను. చెబుదామంటే నాకు నోరేదీ? ఎవరో ఒకరు వినిపించు మీట నొక్కాలి.

ఆ మీటే ఓదేలు నొక్కలేదు. రోజూ నన్ను తెరిచేవాడు, బాణం గుర్తును మీట దాకా తెచ్చేవాడు, మూసేసేవాడు. నమ్మకాల్లేవన్న మనిషి తుమ్మితే భయం, దగ్గితే భయం. గుండె పరీక్ష చేయించుకున్నాడు. ఏమీ లేదంటే డాక్టరు దాస్తున్నాడనుకున్నాడు. అనుమానం పెనుభూతం అని ఊరికే అన్నారా! తన చావుపాట తనే అడిగి పాడించుకున్నానని కుమిలిపోయాడు. తిండి తగ్గిపోయింది, చొక్కాలు వదులైపోయాయి. అయ్యో పిచ్చివాడా, ఒక్కసారి నొక్కి చూడరాదూ అని ఎంత మొత్తుకున్నానో!

వానాకాలంలో కొంరవ్వ కూతురు సత్తెవ్వ ఫోన్ చేసింది. "తమ్మీ, అవ్వ పోయింది. ఊరందరికీ ఆమెనే ఏడ్సె. ఆమెకు శోకం తీసెటోళ్ళు లేరు. నీ కాడున్నది పట్కరా."

వెళ్ళకుండా ఉండలేకపోయాడు. వాకిట్లో టార్పాలిన్ కింద పడుకోబెట్టారు ఆమెను. చుట్టూ ఆడవాళ్ళు. సత్తెవ్వను పక్కకు పిలిచి, "అక్కా, అండ్ల ఉన్నది నా పేరు. పీనుగ ముందట అది మోగితే నేను బతకనక్కా" అన్నాడు. కళ్ళల్లో నీళ్ళు.

"మా అవ్వ గొంతు ఒక్కసారి ఇననీ తమ్మీ. అడ్డం చెప్పకు" అంది సత్తెవ్వ.

ఎక్కడా జాగా లేక శవం కాళ్ళ దగ్గర ల్యాప్‌టాప్ పెట్టుకుని కూర్చున్నాడు. కళ్ళు మూసుకుని నొక్కాడు. అప్పుడు నేను నోరు విప్పాను.

"ఓ కొంరవ్వా... ఊరందరికి ఏడిస్తివి, నీకేడ్చెటోళ్ళు లేకపాయెగదే...
ముసురుల ఎల్లిపోతున్నవు, కట్టెలన్ని తడిసెగదే...
కనని కొడుకు నీ కాళ్ళకాడ కూసుండెగదే..."

ఆడవాళ్ళు గుండెలు బాదుకోవడం ఆపేశారు. పైన టార్పాలిన్ మీద సన్నగా ముసురు. ఇది పాడింది మండు వేసవిలో. ఆమె కాళ్ళ దగ్గర ఓదేలు. ఆమె తన పేరే పెట్టుకుంది. ఆ సంగతి బుర్రకెక్కగానే అతను భోరుమన్నాడు. బతికానన్న సంతోషమూ, తనకు రావలసిన చావు ఆమె నెత్తినేసుకుందన్న బాధా ఒక్కసారే వచ్చిపడ్డాయి పాపం. ఆడవాళ్ళు మళ్ళీ అందుకుని ఏడ్చారు. శోకం అయిపోయింది.

నేను ఆగలేదు. ఆనాడు అతను వచ్చి ఆపు మీట నొక్కేదాకా ఉన్నదంతా నాలో ఉంది మరి. కాసేపు చప్పుడు లేదు. తర్వాత కొంరవ్వ గొంతు, ప్రేమగా:

"ఓదేలూ... అయిపోయింది బిడ్డా. రా."

దూరం నుంచి జవాబు వినబడింది. "వస్తున్ననవ్వా."

ఆ గొంతు ఓదేలుదే. అందరూ అతని వైపు చూశారు. అతని పెదవులు కదల్లేదు. నాలోంచి అడుగుల చప్పుడు, దగ్గరకు, ఇంకా దగ్గరకు. తలుపు కిర్రుమంది. ఓదేలు మొహంలో నెత్తుటి చుక్క లేదు. పిలిస్తే వెళ్ళేవాడిలా శవం వైపు లేవబోయాడు.

సత్తెవ్వ ఒక్క ఉదుటున వచ్చి అతని మణికట్టు పట్టుకుంది. తల్లి మొహంలోకి చూస్తూ గట్టిగా అంది.

"నువ్వు పో అవ్వా. ఈ పోరడు రాడు. వీన్ని నేను పంప."

పాడె లేచి వీధి మలుపు తిరిగేదాకా ఆమె ఆ చెయ్యి వదల్లేదు.