చొట్ట గిన్నె

మాడిన గిన్నెలో ఉల్లిపొట్టు వేసి మరిగిస్తే మాడు వదులుతుందని మా తోడికోడలికి చెప్పిందే నేను. అది కాస్తా వంటింటి చిట్కాల గ్రూపులో పెట్టి తొమ్మిది వందల లైకులు కొట్టేసింది. నా సూదిదారం చిట్కాకి వచ్చినవి రెండు. ఒకటి మా ఆయనది, రెండోది నాదే.

ఒళ్లు మండిపోయింది. దొంగపేరుతో ఖాతా తెరిచి, "అంతా ఉత్తిదే, ఎవరూ నమ్మకండి" అని ఆ పోస్టు కింద రాసి, సాక్ష్యంగా మా ఇంట్లో మాడిన గిన్నె ఫొటో తగిలించాను.

ఐదు నిమిషాల్లో తోడికోడలు ఫోన్ చేసింది.

"అక్కా, ఆ గిన్నె జారవిడిచి చొట్ట పెట్టింది నేనే కదా, గుర్తుపట్టనా? కంగారుపడకు, గ్రూపులో నీ పేరు బయటపెట్టనులే."

అవును మరి. చిట్కా పెట్టినప్పుడూ బయటపెట్టలేదు.